వెనక్కి చూసిన విల్ఫ్

విల్ఫ్ టాటర్సాల్‌తో పెళ్ళయి ఏవిస్‌కి అప్పటికి పంతొమ్మిది రోజులు. మోర్‌కాంబ్ సముద్రం ఒడ్డున హనీమూన్ రెండు రోజులే దక్కింది, ఎందుకంటే విల్ఫ్‌కి శనివారం ఒక మోటారు సైకిల్ పందేల మ్యాచ్, మంగళవారం ఇంకొకటి. అయినా ఆమెకి ఏ లోటూ తోచలేదు. పొద్దున్నే అతని చెవి వెనక, పందెపు బాట మీద పరిచే బొగ్గు నుసి తుడవడం, ఆ నుసే టీ కప్పు అడుగున కనిపిస్తే ఇద్దరూ నవ్వుకోవడం. ఇంత చిన్న వాటిలో ఇంత సుఖం ఉంటుందని, లైబ్రరీలో నాలుగేళ్ళు పుస్తకాలకి ముద్రలు కొట్టినా, ఏ పుస్తకమూ ఆమెకి చెప్పలేదు.

విల్ఫ్‌కి ముప్పై ఐదేళ్ళు. యుద్ధంలో ఎడారి వెంట సైన్యం ఉత్తరాలు మోస్తూ ఇసకలో బండి జారించడం నేర్చాడు. తిరిగొచ్చి నలభై ఆరులో బ్రేకుల్లేని పందెపు బండెక్కాడు. ఆ మరుసటేడు హాల్డెన్‌షా జట్టులో అతన్ని మించినవాడు లేడు. కిందటేడు తుంటి విరిగింది. ఆసుపత్రివాళ్ళు చేతికర్ర ఇచ్చి పంపితే, దాన్ని టమోటా మొక్కకి ఊతంగా పాతి, మళ్ళీ బండెక్కాడు.

కానీ మేనేజరు గ్రీన్‌హాల్ గురువారం మొహం మీదే చెప్పేశాడు. "శనివారం తొమ్మిది పాయింట్లు తే విల్ఫ్. తేలేకపోతే వచ్చే వారం నీ చోట ఆస్ట్రేలియా వాడు."

ఆ శనివారం సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. అత్తగారు ఏడా పక్కన, చెక్క గిలకలు గరగర తిప్పే జనం మధ్య నిలబడింది ఏవిస్. భర్త పందెం చూడటం ఆమెకి ఇదే మొదలు. ముందే చూస్తే పెళ్ళి మానుకుంటావేమోనని విల్ఫ్ రానిచ్చేవాడు కాదు.

"తొమ్మిది వస్తాయంటారా అమ్మా?"

"వాణ్ణి కన్నాను గానీ వాడి పాయింట్లు కనలేదుగా. ఈ శాండ్‌విచ్ తిను. అలా గోళ్ళు కొరికితే రాత్రికి ఆకలేస్తుంది."

ఒక్కో పందెంలో నలుగురు, జట్టుకిద్దరు చొప్పున. నాలుగు చుట్లు. మొదటివాడికి మూడు పాయింట్లు, తర్వాతివాడికి రెండు, మూడోవాడికి ఒకటి, ఆఖరివాడికి సున్నా. చివరి పందెం వచ్చేసరికి విల్ఫ్‌కి ఆరున్నాయి. జట్టు మాత్రం ఎదుటి జట్టు కింగ్స్‌మోర్ కంటే రెండు పాయింట్లు వెనక; అది గెలవాలంటే మొదటి రెండు చోట్లూ దానికే రావాలి. విల్ఫ్ గెలిస్తే తొమ్మిదీ నిండుతాయి, చోటూ నిలుస్తుంది. ఏవిస్ శాండ్‌విచ్‌ని పిడికిట్లో ముద్ద చేసేసింది.

బండ్ల ముందు అడ్డంగా కట్టిన టేపు పైకి లేచింది. నాలుగు బండ్లూ ఒక్క ఉరుము ఉరిమాయి. మొదటి మలుపులో విల్ఫ్ ఎడమకాలి ఉక్కు చెప్పు నేలకానించి, బండిని అడ్డంగా జార్చి ముందుకొచ్చేశాడు. ఎగిరిన బొగ్గు నుసి ఏవిస్ కొత్త టోపీ మీద చిటపటా పడింది. ఆమె దులుపుకోలేదు. టీలో పంచదార ఎక్కువైతే మొహం చిట్లించే ఆ మనిషేనా ఈయన?

రెండో చుట్టులో విల్ఫ్ తల తిప్పి వెనక్కి చూశాడు. మళ్ళీ చూశాడు. వేగం తగ్గించాడు.

ఏవిస్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. తుంటి గుర్తొచ్చి జంకుతున్నాడనుకుంది. "వెనక్కి చూడకు విల్ఫ్! ముందుకెళ్ళు!"

చుట్టుపక్కలవాళ్ళు గొల్లున నవ్వారు. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకడు, "ఎవరమ్మా ఈ కొత్త మేనేజరు?" అన్నాడు.

ఏడా కోడలి మోచెయ్యి పట్టుకుంది. "వాడు జంకట్లేదు పిల్లా. పర్సీ ఎక్కడున్నాడో వెతుకుతున్నాడు."

పర్సీ డేల్ విల్ఫ్ జట్టువాడే, కింగ్స్‌మోర్ వాడి వెనక మూడో చోట చిక్కుకుపోయాడు. విల్ఫ్ బండిని మెల్లగా బయటి వైపుకి జరిపాడు. మీదికొస్తున్న కింగ్స్‌మోర్ వాడికి కూడా బయటికి జరగక తప్పలేదు. లోపలి వైపు తలుపు తీసినట్టు ఖాళీ అయింది. పర్సీ అందులోంచి దూసుకొచ్చాడు. ఇక మిగిలిన చుట్లన్నీ ఇద్దరూ భుజం భుజం కలిపి గోడ కట్టేశారు. బయటి దారి పొడుగు. ఆ పొడుగు దారి విల్ఫ్ ఉంచుకున్నాడు. తను ముందుకు దూకితే గోడకి కంత పడుతుంది. దూకలేదు. పర్సీ సగం చక్రం ముందుగా గీత దాటాడు.

జట్టు రెండు పాయింట్లతో గెలిచింది. పన్నెండు వేలమంది గిలకలు ఒక్కసారి మోగాయి. విల్ఫ్‌కి మాత్రం ఎనిమిదే.

బండ్లు నిలిపే చోటికి ఏవిస్ పరుగున వెళ్ళేసరికి గ్రీన్‌హాల్ అక్కడే ఉన్నాడు.

"తొమ్మిది అన్నాను," అన్నాడాయన.

"విన్నాను," అన్నాడు విల్ఫ్ చేతి తొడుగులు ఊడదీస్తూ.

"గెలిచేవాడివి. పోనీలే అని డ్రాతో సరిపెట్టుకునేవాణ్ణి."

"మీరు సరిపెట్టుకునేవాళ్ళు. పర్సీకి రాత్రి నిద్ర పట్టేది కాదు."

గ్రీన్‌హాల్ గడ్డం గోక్కున్నాడు. "ఆ ఆస్ట్రేలియా వాడు గెలుస్తాడు గానీ మెడ తిప్పడం వాడికి రాదు. వచ్చే శనివారం గంట ముందు రా. వాడికి నువ్వే నేర్పాలి. తర్వాత నీ చోట నువ్వుండు, పర్సీ పక్కన. ఆ ఆస్ట్రేలియా వాడికి వేరే చోటు చూస్తాలే."

విల్ఫ్ అప్పుడు భార్యని చూశాడు. కళ్ళద్దాల చోటు తప్ప మొహమంతా నలుపే. "వెనక్కి చూడొద్దని ఎవరో అరిచారట?"

"ఎవరో తెలియనివాళ్ళు," అంది ఏవిస్, టోపీలోంచి బొగ్గు నుసి అతని అరచేతిలోకి దులుపుతూ.