బాగుపడ్డ ఫ్యాన్

కౌన్సెలింగ్ గదికీ ఆఫీసుకీ మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క అడ్డు. అటువైపు తుమ్మితే ఇటువైపు ఉలిక్కిపడాలి. అయినా ఇన్నాళ్లూ పిల్లల రహస్యాలు దాన్ని దాటలేదంటే ఆ పుణ్యమంతా కౌన్సెలర్ మేడమ్ బల్లమీది టేబుల్ ఫ్యాన్‌దే. అది తిరుగుతుంటే పిండిమర పక్కన కూర్చున్నట్టుండేది.

సోమవారం హెడ్మాస్టరుగారు దయతలచి దాన్ని బాగుచేయించారు.

మంగళవారం తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చింది. క్లాసులో ఆమె పేరు "ప్రెజెంట్". హాజరు పిలిచినప్పుడు ఆ ముక్క అనడం తప్ప నోరు విప్పదు మరి. ఆఫీసులో టైపిస్టు ఆమె సొంత మేనత్త. అత్త చెవిన పడ్డ మాట, అమ్మాయి ఇల్లు చేరేలోపే నాన్న చెవిన పడుతుంది. నాన్న మర్నాడే క్లాసులోకి వచ్చి, "మా అమ్మాయితో ఎవరెవరు స్నేహం చెయ్యరో లేచి నిలబడండి" అనే రకం.

సంగతి అదే. నెలరోజులుగా ఆమె మధ్యాహ్నం సైకిల్ షెడ్డులో ఒక్కతే తింటోంది. అది చెప్పడానికి మూడు రోజులు అద్దం ముందు సాధన చేసింది.

"చెప్పమ్మా," అన్నారు మేడమ్.

ఫ్యాన్ మెత్తగా తిరుగుతోంది. అటువైపు టైపు చప్పుడు ఆగిపోయింది.

"ఏం లేదు మేడమ్. ఎండ ఎక్కువగా ఉంది."

"మా అన్న కూతురి గొంతులా ఉందే!" అంది చెక్క అడ్డు.

"మీ పని మీరు చూసుకోండి," అన్నారు మేడమ్.

"చూసుకుంటున్నానండీ. చెవులకేం పని లేదు కదా."

రాసివ్వమన్నట్టు మేడమ్ కాగితం ముందుకు జరిపారు. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మడతపెట్టిన కాగితాలు విప్పడంలో అత్తకు సాటిలేదు. అమ్మాయి లేచి గుమ్మం దాకా వెళ్లింది. రేపూ సైకిల్ షెడ్డే అనుకుంది. ఆగింది. వెనక్కొచ్చి ఫ్యాన్ ఆపి, వెనకాల తడిమింది. మెకానిక్ దోపిన రబ్బరు ముక్క వేలికి తగిలింది. మేడమ్ వైపు చూసింది. మేడమ్ కిటికీలోంచి మబ్బులు చూడసాగారు.

రబ్బరు పీకేసి, స్విచ్ వేసింది. గదంతా పిండిమర.

"నిన్ననే కదా బాగుచేసింది!" అత్త కేక సన్నగా వినిపించింది.

అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని, నెలరోజుల సంగతీ చెప్పింది. మేడమ్ ఏమన్నారో మనకీ వినబడలేదు.

సాయంత్రం అత్త దారిలోనే పట్టుకుంది.

"ఏమే, అంతసేపు ఏం చెప్పావు?"

"ఫ్యాన్ బాగోలేదని, అత్తా."

"అదొక్కటే నాకూ వినబడింది," అంది అత్త నీరసంగా.

రబ్బరు ముక్క జామెట్రీ బాక్సులో భద్రంగా ఉంది.