రజిత చూడని రంగులు

మణికొండలో లైట్ల వెలుగుకు, మబ్బు లేకున్నా చుక్కలు సరిగ్గా కనబడవు. అందుకే అపార్ట్‌మెంటు వాళ్లు వెంకట్ గారి పెద్ద టెలిస్కోపును బండికెక్కించి, చేవెళ్ల దాటాక ఓ బీడు పొలానికి తెచ్చారు. మూడో అంతస్తులో కిరాయికుండే రజిత కూతురు రసజ్ఞను తీసుకుని వచ్చిందన్న మాటే గానీ, దారంతా గుబులే. తను తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన సంగతి ఎక్కడ బయటపడుతుందోనని.

"రండి రజితగారూ," అన్నారు వెంకట్ గారు. "రెండు గెలాక్సీలండి, ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. నిదానంగా చూడండి."

ఆమె టెలిస్కోపు పక్కనున్న నిచ్చెనెక్కి కన్ను ఆనించింది. నల్లగా ఉంది. నాలుగు చుక్కలు, అంతే. ఇందాక ఎదురింటి జయంతి "అబ్బ, ఎంత బావున్నాయో!" అంది కదా. తనొక్కదానికే కనబడకపోతే ఏమనుకుంటారు?

"కనబడ్డయి సార్! మస్తున్నయి."

"ఎట్లున్నయే అమ్మా?" కింద నుంచి రసజ్ఞ.

పొద్దున ఫోన్లో చూసిన గెలాక్సీల బొమ్మ గుర్తొచ్చింది. "ఒకటి ఎర్రగ, ఒకటి నీలంగ. మెరుస్తున్నయి బిడ్డా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "రంగులా? మాకు బూడిద మరకల్లాగే కనిపించాయండీ!" అంది జయంతి.

"రంగులు ఫోటోల్లోనే వస్తాయమ్మా," వెంకట్ గారు మెల్లగా అన్నారు. "కంటికి ఆ వెలుతురు చాలదు."

రజిత చెవులు కాలిపోయాయి. గబగబా దిగింది.

రసజ్ఞ ఎక్కింది. చాలాసేపు చూసింది. తర్వాత అందరికీ వినబడేలా, "మా అమ్మ చెప్పింది నిజమే అంకుల్. నాక్కూడ ఎర్రగనే కనబడుతుంది," అంది.

రజిత తలెత్తి కూతుర్ని చూసింది. హోంవర్క్ చేయకపోతే చేయలేదని టీచరుకు తానే చెప్పి దెబ్బలు తిని వచ్చే పిల్ల. ఇప్పుడు తల్లి పరువు కోసం ఎంత గట్టిగా అబద్ధమాడింది!

"లేదు సార్," అంది రజిత. "నాకేం కనబడలే. సిగ్గయి అట్లన్న. ఈ పిల్ల నా కోసం అట్లంటుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది ఆమెకు.

"మొదటిసారి చాలామందికి కనబడవండి," అన్నారు వెంకట్ గారు. "సూటిగా కాదు, కొంచెం పక్కకు చూడాలి. పాపా, మళ్లీ చూడు. కనబడకపోతే కనబడలేదనే చెప్పు."

రజిత నిచ్చెన పట్టుకుని తల దించుకునే నిలబడింది.

"ఏం కనబడ్తలేదంకుల్," అంది రసజ్ఞ, చిన్నగా.

"దిగు బిడ్డా. మళ్ల లైన్ల నిలబడదాం," అంది రజిత.

అందరి ముందు నుంచీ నడిచి ఇద్దరూ లైను చివరకు వెళ్లి నిలబడ్డారు.

"కోపమొచ్చిందా అమ్మా?"

"నీ మీద కాదు," అంది రజిత.