రెండో మంచం

పగలంతా కల్లాయి ఏటి ఒడ్డున కలప అడితిలో దుంగలు కొలవడం, సాయంత్రం ఎవరింటికి ఎంత కలప పడుతుందో లెక్కగట్టడం బీరాన్ పని. మోకాళ్లు అరిగిపోయాయి పాపం. ఆ రోజూ కాళ్లీడ్చుకుంటూనే అవరాన్ కోయా ఇంటికొచ్చి, చాయ్ తాగి, టేపు తీశాడు.

"సఫియాకి పెళ్లి కుదిరింది. కుంజీబి గదే బాగుచేసి దానికిద్దాం," అన్నాడు కోయా. "ఒక తలుపు, ఒక మంచం. అంతే."

మా వీధుల్లో పెళ్లయినా ఆడపిల్ల పుట్టింట్లోనే ఉంటుంది. రాత్రయితే మొగుడే ఆమె గదికొస్తాడు. కుంజీబి మొగుడు రావడం మానేసి ఏళ్లయింది, వాడి మొహం మండ. రాని మొగుడికి గదెందుకని మేనమామ కోయా తేల్చేశాడు. చెల్లెలు సఫియా పెళ్లయ్యాక కుంజీబి వసారాలో పడుకోవాలి. ఆమె గుమ్మానికి ఆనుకుని వింటోంది.

బీరాన్ కొలిచాడు, లెక్క కట్టాడు. రెండు తలుపుల కలప, రెండు మంచాల కలప వచ్చింది.

"మళ్లీ చూడవోయ్."

మళ్లీ చూశాడు. అంతే వచ్చింది.

కోయా తల పట్టుకున్నాడు. ఇంటికి ముందుముందు ఏం కావాలో అదీ కలుపుకునే బీరాన్ లెక్క వస్తుందని ఊరందరికీ తెలుసు. ఎక్కువొచ్చిన కలప కొనేది లేదని మొండికేసినవాళ్లు, తర్వాత ఇంట్లో కుర్చీలు విరగ్గొట్టి ఊతకర్రలు చేయించుకున్నారు.

"సరే, మేడ మీద కొట్టుగది ఖాళీ చేసి కుంజీబికిద్దాం," అన్నాడు కోయా. అంతలోనే మొహం వెలిగింది. "అంటే అల్లుడు తిరిగొస్తున్నాడన్నమాట." ఆ మాట చెప్పడానికి లోపలికి పరిగెత్తాడు.

కుంజీబి బీరాన్ దగ్గరికొచ్చింది. "అన్నా, నిజం చెప్పు. ఆయన వస్తాడా?"

బీరాన్ కళ్లు నులుముకుని కాగితం చూశాడు. "రెండో మంచం వెడల్పు మూడడుగులేనమ్మా. ఒక్క మనిషికే."

ఏడుస్తుందేమో, ఏం చెప్పి ఓదార్చాలా అనుకున్నాడు. ఆమె మెట్టు మీద కూలబడింది.

"ఒక్క మనిషికేనా," అంది. "హమ్మయ్య. ఏ రాత్రి వస్తాడోనని ఇన్నేళ్లూ గడియ పెట్టకుండా పడుకున్నానన్నా. కంటి నిండా నిద్రే లేదు."

బీరాన్ టేపు చుట్టడం మొదలెట్టాడు.

"గది పూర్తయ్యేదాకా మావయ్యకి చెప్పకు. తలుపుకి లోపల గడియ పెట్టించు, గట్టిది."

బీరాన్ లెక్కలో వెతికాడు. గడియకి చెక్క అందులో ముందే కలిసి ఉంది.