కొత్త నూనె డబ్బా

నందిగామ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే జాయిస్ శనివారం ఉదయం తొమ్మిదింటికి ల్యాబులో డబ్బా మూత తీసింది. పదిహేను లీటర్ల నూనె. నూనెలోంచి డబ్బా అడుగు కనిపిస్తోంది.

"పిన్నిగారూ, ఇది కొత్త నూనె!"

"మరి?" అంది బసవమ్మ. ఆమెకు జగ్గయ్యపేటలో బజ్జీల బండి ఉంది. డబ్బాను బస్సులో తనే తెచ్చింది. "చదువు చెప్పే మనిషికి కాగిన నూనె ఇస్తానా? పాతది పారబోసి, డబ్బా తోమి, కొత్తది పోయించా."

జాయిస్ బెంచీ మీద కూర్చుంది. వత్సవాయి చేలలో మిగిలిన పత్తి కట్టెను ఆమె మూత బిగించిన డ్రమ్ములో కాల్చి బొగ్గు చేసింది. పొడి కొట్టి యాసిడ్ పట్టించింది. వాడేసిన నూనెలో ఆ పొడి, మిథనాల్ కలిపి వేడి చేస్తే ఇంజను నడిచే ఇంధనం వస్తుందని మంగళవారం ప్రిన్సిపాల్ సుబ్బరాయుడికి చూపించాలి. లేకపోతే ల్యాబు గది ఖాళీ చేయించి పాత బెంచీలు పెడతారు. కొత్త నూనెతో చేస్తే ఆయన ఒప్పుకోడు. నందిగామలో బండ్ల పాత నూనె గురువారమే ఎవరో కొనుక్కుపోయారు.

బసవమ్మ అంతా విన్నది. "వాడేసింది కావాలి, అంతేగా? మూకుడుందా?"

పదిన్నరకు హాస్టల్ వంటమనిషి పుల్లయ్య కాలేజీ ఆవరణలో పొయ్యి పెట్టాడు. బసవమ్మ మొదట మిరపకాయ బజ్జీ వేసింది, తర్వాత అరటికాయ, ఆ తర్వాత పునుగులు. పిల్లలు లైను కట్టారు. గంటకోసారి జాయిస్ కాస్త నూనె తీసి, కాగి కాగి ఆమ్లం ఎంత పెరిగిందో చూసింది.

"ఇంకా చాలదండి."

"మా నూనె అంత తొందరగా చెడదు మేడంగారూ."

"చెడగొట్టండి పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతా!"

"నలభై ఏళ్లలో ఈ మాటన్నది మీరొక్కరే."

"నా అన్నం ఎవడూ ముట్టలా," అని పుల్లయ్య ఆరు పునుగులు తిన్నాడు.

సుబ్బరాయుడు మేడ దిగి వచ్చాడు. "ఏంటమ్మా ఇది? ల్యాబా, హోటలా?"

"మంగళవారానికి సరుకు తయారవుతోందండి."

ఆయన నాలుగు బజ్జీలు తిన్నాడు. "షుగరుంది. మా ఇంట్లో చెప్పకండి."

సాయంత్రం అయిదున్నరకు నూనె నల్లబడింది. జాయిస్ మరోసారి పరీక్షించి, బసవమ్మను కావలించుకుంది.

"అయ్యో, నా చేతుల నిండా పిండి!"

ఆదివారం చర్చి నుంచి జాయిస్ నేరుగా ల్యాబుకు వచ్చింది. సోమవారం సాయంత్రానికి గ్లిజరిన్ అడుగున చేరింది, ఇంధనం పైన తేలింది. మంగళవారం పదింటికి దాన్ని కాలేజీ తోట పంపు ఇంజన్లో పోసింది. డీజిల్ చుక్క కలపలేదు. పుల్లయ్య హ్యాండిల్ రెండుసార్లు తిప్పాడు. కదల్లేదు. జాయిస్ ఎవరి వైపూ చూడలేదు. మూడోసారికి ఇంజను అందుకుంది.

సుబ్బరాయుడు గడియారం చూస్తూ నిలబడ్డాడు. పది నిమిషాలయ్యాక, "గది నీదేనమ్మా. ఇక ఆపండి," అన్నాడు.

ఎవరూ ఆపలేదు. పిల్లలు పైపు లాక్కుని తడిసిపోయారు. చూడ్డానికి మళ్లీ వచ్చిన బసవమ్మ చెప్పులు గట్టున విడిచి పంపు నీళ్లలోకి దిగింది. ఇంధనం అయిపోయేదాకా, నలభై నిమిషాలు, ఇంజను నడిచింది.