మునియమ్మ పెట్టిన బొట్టు

మునియమ్మకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టమా అంటే, ఇష్టమే. ఎందుకు చెప్పుకోకూడదట? తమిళనాడు ధర్మపురిలోని ఆ మామిడిగుజ్జు కంపెనీ ఆఫీసులో ఆమె ఊడ్చి తుడిచే మనిషి. అదే ఆఫీసులో మూలన ఉన్న టీ కాఫీ మిషన్‌ను బాగుచేసే మెకానిక్ ఆమె కూతురు జయప్రియ. కారిమంగళం నుంచి హరూర్ దాకా అలాంటి మిషన్లు ఏ ఆఫీసులో ఉన్నా ఆ పిల్లే స్కూటీ వేసుకుని వెళ్లి చూస్తుంది. "మా జయ మిషన్" అని మునియమ్మ చెప్పని మనిషి లేడు. కొరియర్ తెచ్చేవాణ్ణి కూడా నిలబెట్టి చెప్పింది.

ఆ ఊరి బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. అందుకే మిషన్ లోపల ఫిల్టర్ ఉంటుంది. ఎన్ని నీళ్లు దాటాయో మిషనే లెక్క పెట్టుకుంటుంది. ఫిల్టర్ పని అయిపోవచ్చిందంటే ఎర్ర దీపం వెలుగుతుంది, జయప్రియ ఫోనుకు కబురు పోతుంది. ఆమె వచ్చి కొత్తది బిగించి, ముందువైపున్న గుండ్రటి బటన్‌ను కాసేపు నొక్కి పడితే లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు పచ్చ దీపం నిక్షేపంగా వెలుగుతోంది. టీ మాత్రం నోట పెట్టేలా ఉంటే ఒట్టు! పాలు విరిగినట్టు, నీళ్లు సున్నం కలిపినట్టు. మేనేజర్ ఇలక్కియా మేడం ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, జయప్రియను పిలిపించింది.

జయప్రియ మూత తీసింది. లోపలి ఫిల్టర్ గట్టిపడి రాయిలా ఉంది. మిషన్ తెర మీద మాత్రం ఆయుధపూజ రోజున కొత్తది వేసినట్టు ఉంది.

"కొత్తది వేసినట్టు బటన్ నొక్కేశావు. మరి ఆ కొత్త ఫిల్టర్ ఎక్కడికి పోయింది? అమ్ముకున్నావా?" అని మేడం తమిళంలో నిలదీసింది. "మీ ఓనరు భూపతికి ఫోన్ చేస్తున్నాను. రేపటి నుంచి నువ్వు ఈ పనిలో ఉండవు."

తలుపు దగ్గర తుడుపుకర్ర పట్టుకుని నిలబడ్డ మునియమ్మకు బటన్ మాట వినగానే సంగతి అర్థమైంది. ఆయుధపూజ రోజున ఆఫీసంతా కడిగి, కంప్యూటర్లకు, బీరువాలకు, వ్యానుకు చందనం, కుంకుమ పెట్టింది ఆమే. అన్నిటికీ తలా ఒక చుక్క. కూతురి మిషన్‌కు చుక్క సరిపోతుందా? చక్కగా నుదుటి మీద బొట్టు స్థానంలా కనిపించింది ఆ గుండ్రటి బటన్. దాని మీద చందనం రాసి, కుంకుమ రాలిపోకూడదని బొటనవేలితో అదిమి పట్టి, కళ్లు మూసుకుని, బిడ్డ చల్లగా ఉండాలని మొక్కుకుంది. ఆ మొక్కు కాస్త పొడుగైంది.

జయప్రియ బటన్ అంచును గోటితో గీరింది. ఎండిన చందనం, ఎర్రటి పొడి. తలెత్తి తల్లి వైపు ఒక్కసారి చూసి, వేలిని ప్యాంటుకు తుడిచేసుకుంది.

"తప్పు నాదే మేడం. ఫోన్‌ను నమ్మి ఊరుకున్నాను. వచ్చి చూసి ఉండాల్సింది."

"ఏందే నీ తప్పు?" మునియమ్మ నోట ఇంట్లో మాట్లాడే తెలుగే వచ్చేసింది. "నువ్వు ఆ దినము ఈ పక్కకే రాలే! బొట్టు పెట్టినది నేను, అదిమినది నేను!"

"అమ్మా, ఊరుకో."

"ఏమంటోంది?" అంది మేడం.

"ఏం లేదు మేడం."

ఏం లేదట! ఈ ఉద్యోగం పోతే పోనీ, చీపురు ఇంకో ఆఫీసులోనైనా దొరుకుతుంది. నా బిడ్డను దొంగ అంటే ఎవరూరుకుంటారు? మునియమ్మ తుడుపుకర్ర గోడకు ఆనించి, మేడం ఎదురుగా వచ్చి నిలబడింది. జరిగినదంతా తమిళంలో, ఆఫీసంతా వినేట్టు చెప్పేసింది. బొటనవేలు ఎత్తి చూపించి మరీ చెప్పింది.

మేడం ఆ వేలిని చూసింది, వంగి బటన్‌ను చూసింది. పెదవి అంచున నవ్వు రాబోతే ఆపుకుంది. ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"నేను తొందరపడ్డాను జయప్రియా, ఏమీ అనుకోకు. కానీ మునియమ్మా, వచ్చే పూజకు ఆ మిషన్ జోలికి మాత్రం వెళ్లకు."

మునియమ్మ తల దించుకుంది.

"లేదు మేడం, అమ్మ పెట్టాలి" అంది జయప్రియ. దొంగ అన్నప్పుడు కూడా పెరగని గొంతు ఇప్పుడు పెరిగింది. "పూజ రోజున నేనే వచ్చి బటన్‌కు లాక్ వేస్తాను. ఇక్కడే కాదు, నా మిషన్లు ఉన్న ప్రతి ఆఫీసులోనూ వేస్తాను. అమ్మను మాత్రం వద్దనకండి. తను బొట్టు పెట్టింది మిషన్‌కని మీరనుకుంటున్నారు. నాకు పెట్టింది మేడం."

మునియమ్మకు కళ్లు నిండిపోయాయి. గర్వం పట్టలేక పక్కన నిలబడ్డ గుమాస్తా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "విన్నావా? నా బిడ్డ! నా బిడ్డ!" అంది.