నాలుగింటికల్లా

అమ్మ తెల్లవారుజామున అయిదింటికి పోయింది. ఎనిమిదింటికల్లా అక్క, చెల్లెల్ని వెంటబెట్టుకుని కొండ రైలెక్కి కూర్చుంది. పాపం, చెల్లెలికి ఏమీ తెలియదు. సాయంత్రం దాకా తెలియకూడదన్నదే అక్క పంతం.

ఊరికే పుట్టిన పంతం కాదది. మంచాన పడ్డ తల్లికి తొమ్మిదేళ్ళు ఎత్తిపోసిందీ, తుడిచిందీ, తిట్లు తిన్నదీ అక్క. "నెల తిరక్కుండా వస్తానే" అని ఉద్యోగానికి వెళ్ళి, మళ్ళీ మొహం చూపించనిది చెల్లెలు. అయినా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ నోట చిన్నదాని ముచ్చటే! నిన్న సాయంత్రం అక్క చేతి పాలు తాగుతూ కూడా "చిన్నది వచ్చిందా?" అనే అడిగింది. అక్కకి కడుపు మండిపోయింది. ఆ మంట చల్లారకముందే అమ్మ వెళ్ళిపోయింది.

అమ్మని చూసిపోతానని కబురు పెట్టిన చెల్లెలు పొద్దున బస్సు దిగీదిగగానే అక్క ఎదురెళ్ళి పట్టేసింది. "రాత్రంతా నిద్ర లేక అమ్మ ఇప్పుడే కన్ను మూసింది, లేపకు. సాయంత్రం తీరిగ్గా చూద్దువుగాని. ఈలోగా నాన్న రైల్లో ఓసారి పైకెళ్ళొద్దాం రా" అంది. తొమ్మిదేళ్ళ తర్వాత అక్క నోరు విప్పడమే పదివేలనుకుని చెల్లెలు మారుమాట లేకుండా వెంట నడిచింది.

మొగుడికి మాత్రం అక్క ఇంట్లోనే గట్టిగా చెప్పి వచ్చింది. "నాలుగింటికల్లా ఎత్తేయండి. ఎవరి కోసమూ ఆగొద్దు, నా కోసం కూడా. నాలుగు దాటిందో, నా మీద ఒట్టే!" ఆయన పెళ్ళాం గీసిన గీత దాటే రకం కాదు. రైలు మళ్ళీ కిందికి చేరేది ఆరింటికి.

అది వందేళ్ళ నాటి బండి. పట్టాల మధ్య రంపంలా పళ్ళున్న ఇనుప కమ్మీని పట్టుకుని ఇంజను ఆయాసపడుతూ పాకుతుంది. పెట్టె ముందు నిలబడి, ఇంజను ఈల వినగానే బ్రేకు చక్రం తిప్పడం బతికున్నన్నాళ్ళూ నాన్న పని. లోయ కనబడ్డప్పుడల్లా జనం "అబ్బ, అబ్బ!" అంటూ కిటికీల మీద పడుతున్నారు. చెల్లెలు బత్తాయి ఒలిచి తొనలు అక్క చేతిలో పెట్టింది. భుజం మీద తల వాల్చింది.

"అక్కా, అమ్మ నన్ను తిడుతుందంటావా?"

"ఏమీ అనదులే" అంది అక్క.

ఇంజను నీళ్ళు పట్టుకునే, రోడ్డు కూడా లేని నడిమి స్టేషన్ దాకా అంతా అక్క అనుకున్నట్టే జరిగింది. కొండ మీద సెల్లు పనిచేయదని లెక్కేసుకుంది గానీ, రైల్వే ఫోన్ సంగతి మరిచింది. లైను కుటుంబాల్లో ఎవరు పోయినా కింది స్టేషన్ నుంచి కొండ కొస దాకా కబురు అందిస్తారు. రైల్వే క్వార్టర్లలోనే పుట్టి పెరిగిన మనిషి, అది ఎలా మరిచిందో!

నాన్న స్నేహితుడైన స్టేషన్ మాస్టారు పరుగున వచ్చాడు. "అమ్మాయ్! మీ అమ్మ పొద్దున పోయిందని కబురొచ్చింది. మీరిద్దరూ ఇక్కడేంటమ్మా?"

చెల్లెలు అక్క వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. కళ్ళు మూసింది నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"తొమ్మిదేళ్ళు చూడాలనిపించని దానికి ఇవాళ చూపెందుకే? నాలుగింటికి ఎత్తేస్తారు. మన బండి దిగేది ఆరింటికి. హాయిగా కొండలు చూడు."

"నువ్వూ చూడలేవుగా!"

"నేను చూసింది చాలు."

చెల్లెలు ప్లాట్‌ఫారం మీద కూలబడి గుండెలు బాదుకుంది. అక్కకి ఒళ్ళు తేలికైంది. ఛీ, ఇదేం పనని అనిపించాల్సింది. అనిపించలేదు.

"ఏడవకు తల్లీ, లైను చూసే ట్రాలీ ఉంది" అన్నాడు మాస్టారు. "పల్లమేగా, గంటన్నరలో దింపేస్తారు. ఇద్దరికీ చోటుంది, ఎక్కండి."

ట్రాలీ అంటే చక్రాల మీద బల్ల, ఒక బ్రేకు కర్ర, ఇద్దరు గ్యాంగ్‌మన్లు. చెల్లెలు ఒక్క ఉదుటున ఎక్కేసింది. ఆ పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాక గానీ అక్కకి అమ్మ మొహం గుర్తు రాలేదు. తువ్వాలుతో తుడిచి, దుప్పటి కప్పి, హడావిడిగా వచ్చేసింది. కనీసం పక్కన కూర్చుని ఏడవలేదు. అయ్యో అనుకుని గబగబా ముందుకు వెళ్ళింది.

చెల్లెలు తన సంచీ తీసి ఆ ఖాళీలో పెట్టింది.

"అక్క రాదు మాస్టారూ. తను చూసింది చాలట. పోనివ్వండి."

"ఆగవే! ఏయ్, ఆగు!" అని అక్క అరుస్తూనే ఉంది. ట్రాలీ మలుపు తిరిగిపోయింది.

అక్క మాస్టారి గదిలోకి పరిగెత్తింది. "ఇంటికి కబురు పంపించండి. నేనొచ్చేదాకా ఆపమనండి, మీకు దణ్ణం పెడతా!" ఇల్లు కింది స్టేషన్‌కి రెండు సందుల అవతలే. మనిషి వెళ్ళి రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా అక్క ఫోన్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మాస్టారు జవాబు విని రిసీవరు మెల్లగా దించాడు.

"చిన్నమ్మాయి వేళకి అందుకుంటుందని సంతోషించాడట మీ ఆయన. నీ కోసం మాత్రం ఆగడట. నాలుగు దాటకూడదని ఒట్టు వేయించుకున్నావటగా?"

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమనండి! వేయించుకున్నది నేనేగా!"

"నువ్వే ఆపమంటున్నావని కూడా చెప్పించానమ్మా. కోపంలో అన్నా, ఏడుస్తూ అన్నా నీ మొదటి మాటే మాటని, తర్వాత నువ్వు మెత్తబడి మార్చిన మాట వింటే, విన్నందుకు మళ్ళీ నువ్వే తిడతావని అంటున్నాడట. ఆయనకి నీ సంగతి తెలుసు మరి."

అవతల ఇంజను ఈల వేసింది. పెట్టెలోంచి ఒకాయన ఉత్సాహంగా చెయ్యూపాడు. "రండమ్మా, తొందరగా! అసలైన అందాలన్నీ ఇక పైనేనట!"

అక్క ఎక్కింది. ఎక్కక చేసేదేముంది? ఆ రోజు కిందికి దిగే బండి అదొక్కటే.