సక్కుబాయి మాట

చొప్పదండి నుంచి కోడలిగ ఆదిలాబాద్ వచ్చిన కొత్తల చంద్రవ్వకు అత్త సక్కుబాయి పుట్టిల్లు పెన్‌గంగ అవతల మరాఠోళ్ల దిక్కని ఎవరో చెప్తెగని తెలువలే. అంత మంచిగ తెలుగు మాట్లాడేది. ముసలితనంల ఆమెకు యాది తప్పుడు మొదలైంది. తిన్న సంగతి మరిచింది, ఇంటికొచ్చే తొవ్వ మరిచింది. ఆఖరికి తెలుగు కూడ మరిచి చిన్ననాటి మరాఠీలకే పోయింది.

పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుల పనిచేసే కొడుకు, చంద్రవ్వ పెనిమిటి లింగమూర్తి ఇంట్ల ఉన్నప్పుడు తల్లి మాటకు అర్థం చెప్పేటోడు. ఆ ఏడు పత్తి దినాలల్ల ఆయన మిల్లు పనిమీద బొంబాయి పోయిండు. చంద్రవ్వ అత్త సైగలను బట్టి అన్నమో నీళ్లో ఇచ్చుకుంట వచ్చింది.

ఒకనాడు సక్కుబాయి పెరట్ల తడిబండ మీద జారి పడ్డది. తల రోలుకు తాకింది. చంద్రవ్వ ఉరికి లేపింది. బొప్పి కట్టింది తప్ప నెత్తురు రాలే. పసుపు పెడితే బొప్పి దిగింది. ముసలామె ఎప్పటిలెక్కనే తిరిగింది, చంద్రవ్వ మనసు నిమ్మళమైంది.

కొన్ని దినాలు పోయినంక సక్కుబాయి పొద్దంత పండుడే. లేస్తే ఒక కాలు ఈడుస్తున్నది. ఊకె "చక్కర్, చక్కర్" అంటున్నది. తీపంటే ఆమెకు ముందునుంచి ఇష్టమే. అడిగినప్పుడల్ల చంద్రవ్వ అరచేతిల జర చక్కెర పోసింది. ముసలామె నోట్లె వేసుకోలే. చేతిల పట్టుకొని మళ్ల అదే మాట.

పక్కింటి ఎల్లక్క అదే మిల్లుల మరాఠీ ఆడోళ్లతోని కలిసి పత్తి ఏరుతది. పొయ్యిలకు నిప్పుల కోసమని వచ్చి చూసింది.

"గంత చక్కెర ఎందుకు పెడుతున్నవే?"

"ఊకె అడుగుతున్నదక్కా. ఇస్తే తింటలేదు."

ఎల్లక్క ముసలామె ముందట కూసొని మరాఠీల ఏదో అడిగింది. సక్కుబాయి ఒక్కొక్క మాట వెతుక్కుంట చెప్పింది.

"చక్కెర కాదు చంద్రవ్వా. కండ్లు తిరుగుతున్నయట. తల లోపట నొస్తున్నదట. ఎప్పుడన్న పడ్డదా?"

చంద్రవ్వ పెరట్ల పడ్డ సంగతి చెప్పింది. చెప్పుకుంటనే అత్తను లేపింది.

సర్కారు దవాఖాన డాక్టర్ చూసి, నాగపూర్ తీస్కపొమ్మన్నడు. ఎల్లక్కే మిల్లుకు పోయి నాగపూర్ పొయ్యే పత్తి బేళ్ల లారీల జాగ అడిగింది. "నీకు అక్కడి మాట రాదు, నేనొస్త," అని పిల్లలను చెల్లెలికి అప్పజెప్పి తనూ ఎక్కింది. తొవ్వంత ముసలామె తల ఎల్లక్క ఒడిలనే ఉన్నది.

నాగపూర్ డాక్టర్ చెప్పింది ఎల్లక్క తెలుగుల చెప్పింది. ముసలోళ్ల తలకు దెబ్బ తాకితే లోపట నెత్తురు బొట్టుబొట్టుగ కారి జమైతదట. పైకి ఏం కనవడదట. పుర్రెకు చిన్న రంధ్రం చేసి తియ్యాలెనట.

"బతుకుతదా అక్కా?"

"తీస్తే బతుకుతదనే అంటున్నడు."

చంద్రవ్వ సరేనన్నది.

సక్కుబాయి బతికింది. కాలు మళ్ల సక్కగ పడ్డది. యాది మాత్రం రాలే. వస్తదని డాక్టర్ కూడ అనలే. కాని ఆ వార్డుల నాలుగు దిక్కుల తన భాషే వినవడేసరికి ఆమె మొఖం విప్పారింది. పక్క మంచాలోళ్లతోని ఒకటే ముచ్చట. ఒకపారి చంద్రవ్వను చూపించి ఏదో అంటే వాళ్లంత తలలూపిండ్రు.

"ఏమంటున్నదక్కా?"

"నువ్వు ఆమె పెద్దబిడ్డవట."

సక్కుబాయికి ఆడపిల్లలే లేరు. చంద్రవ్వ కొంగుతోని కండ్లు తుడ్చుకున్నది.

లింగమూర్తి వచ్చి సంగతి విని, ఎల్లక్కకు చేతులు జోడించిండు.

"చేతులు దించు తమ్మీ. పత్తి ఏరుకుంట పొద్దంత మరాఠోళ్లతోని మాట్లాడేదాన్నే నేను. గా మాట మీ ఇంటికి పనికొచ్చింది. అంతే."

ఆయన పెరట్ల నున్నటి బండలు తీసేసి ఇసుక పోసిండు. పట్టుకొని నడువనీకె గోడ పొడుగున వెదురు కట్టిండు. చంద్రవ్వ మాత్రం పనులైనంక ఎల్లక్క కాడ కూసొని తల, నొప్పి, ఆకలి, భయం అన్న మాటలు నేర్చుకున్నది. పొద్దుగాల లేవంగనే అత్త మంచం కాడికి పోయి, "డోకం దుఖ్తయ్ కా, ఆయీ?" అని అడుగుతది. తల నొస్తున్నదా అమ్మా అని. కోడలి నోట్లె ఆ మాట వంకర పోతే సక్కుబాయి నవ్వి, మళ్ల సక్కగ పలికించి, అప్పుడు జవాబు చెప్తది.